పోచంపల్లి చీరలో ఇరుక్కున్న డబ్బు: ఒక నేత కుటుంబం అప్పుల లెక్క

యాదాద్రి భువనగిరి జిల్లాలో పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్లలో చేనేత కుటుంబాల అప్పులు, రాబడి లెక్కలు సరిచేసే పని నాది. 2022 ఎండాకాలంలో మా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం కేసు ఇది. పేర్లు, ఊరు రాయడం లేదు. అంకెలు వాళ్ల నోటు పుస్తకంలోవి, చదవడానికి తేలికగా ఉండాలని రౌండు అంకెలకు మార్చాను.

ఇంట్లో నలుగురు. మగ్గం మీద కూర్చునేది ఇంటాయన, నలభై ఐదేళ్లు దాటాయి. ఆయన భార్య చిటికి కడుతుంది (డిజైన్ ప్రకారం రంగు అంటకూడని చోట దారానికి కట్లు వేస్తుంది), రంగులు అద్దుతుంది, ఇంటి పనీ చేస్తుంది. ఆయన తండ్రికి చూపు మందగించింది కానీ కండెలు చుట్టగలడు. కొడుకు మగ్గం నేర్చుకోలేదు, చౌటుప్పల్ దగ్గర ఒక కంపెనీలో పని చేస్తూ నెలకు ఐదు వేలు ఇంటికి ఇస్తాడు. ఉన్నది ఒక్కటే గుంట మగ్గం. నేసేది పట్టు ఇక్కత్ చీరలు, అంటే దారానికే ముందు డిజైన్ ప్రకారం రంగు అద్ది నేసేవి. ఇరవై ఏళ్లకు పైగా, నూలు ఇచ్చి నేయించుకునే ఒకే మాస్టర్ వీవర్ దగ్గర కూలి నేత. ఆ ఊళ్లో ఆయన్ని అందరూ సేటు అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను.

వాళ్లు అడిగింది ఒక్కటే. "సార్, సొంతంగ నేస్తే బాగుపడతం అన్నరు. రెండు వార్పులు సొంతంగ నేసినం. అప్పు పెరిగింది. ఎక్కడ పోయింది మా పైస?"

ఇలాంటి కుటుంబాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ మార్కెట్ గురించే చెబుతారు. దళారులు లేకుండా నేరుగా అమ్మితే చాలు, బ్రాండింగ్ చేస్తే చాలు అంటారు. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైన ఊరు కూడా ఇదే. పేరుకు లోటు లేదు. అయినా ఆ పేరు ఉన్న చీర నేసిన ఇంట్లో బంగారం కుదువలో ఉంది. అందుకే నేను అమ్మకం దగ్గర మొదలుపెట్టలేదు. డబ్బు ఏ రోజు ఇంట్లోంచి బయటకు పోతోంది, ఏ రోజు తిరిగి వస్తోంది అన్నది ముందు రాయించాను.

సొంత వార్పు లెక్క

ఒక వార్పు అంటే ఏడు చీరలకు సరిపడే పడుగు, మగ్గం మీద నిలువు దారాలు. దానికి పడుగు, అడ్డదారమైన పేక కలిపి పట్టు నాలుగు కిలోల పైన పడుతుంది. 2022 నాటికి పట్టు ధర బాగా పెరిగింది. వాళ్లు కొన్న రేటు ప్రకారం నూలుకే 22,000 అయింది. రంగులు, రసాయనాలకు 1,800. ఆసు పోయించడానికి, పడుగు అతికించడానికి 1,700. మొత్తం 25,500.

ఆసు గురించి ఒక మాట చెప్పాలి. చిటికి కట్టే ముందు దారాన్ని వరుసలుగా పేర్చే పని అది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే మేకుల చుట్టూ దారాన్ని వేల సార్లు ఇటూ అటూ తిప్పాలి. ఆ పని ఇంట్లో ఆడవాళ్ల భుజాలను తినేసేది. తల్లి బాధ చూడలేక చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ ఇంట్లో ఆమె కూడా భుజం నొప్పితో చేత్తో ఆసు పోయడం మానేసి, పక్క వీధిలో యంత్రం ఉన్నవాళ్ల దగ్గర పోయిస్తోంది. మంచి నిర్ణయం. ఆ భుజాన్ని మళ్లీ పనికి పెట్టమని నేను ఏ లెక్క కోసమూ చెప్పను. కానీ గతంలో లెక్కలోకే రాని ఆమె చాకిరీ ఇప్పుడు నగదు ఖర్చు అయింది. చీర అమ్ముడుపోకముందే ఆ డబ్బు చేతిలో ఉండాలి.

వాళ్ల చీర హైదరాబాద్ షాపులకు 7,500 చొప్పున పోయింది. ఏడు చీరలకు 52,500. పెట్టుబడి 25,500 తీసేస్తే 27,000 మిగలాలి. అదే సేటు దగ్గర కూలికి నేస్తే నూలు, రంగులు, ఆసు ఖర్చు ఆయనవే, కూలి చీరకు 2,800. వార్పుకు 19,600. అంటే సొంత నేతలో వార్పుకు 7,400 ఎక్కువ రావాలి. వాళ్లు ఆశపడింది ఈ లెక్క చూసే. కాగితం మీద ఇది నిజమే.

ఇప్పుడు ఇందులో రోజులు కలపండి. నూలు కొన్న రోజు నుంచి ఆసు, చిటికి, అద్దకం పూర్తయ్యేసరికి ఇరవై రోజులు. అతుకుడు, నేత కలిపి నలభై రోజులు. చీరలు షాపుకు చేరేసరికి రెండు నెలలు గడిచాయి. షాపు వాళ్లు డబ్బు ఇచ్చేది మూడు నెలలకు. అంటే నూలుకు పెట్టిన రూపాయి తిరిగి ఇంటికి రావడానికి ఐదు నెలలు. ఆ 25,500 నెలకు నూటికి మూడు రూపాయల మిత్తికి (వడ్డీకి) తెచ్చినది కాబట్టి ఐదు నెలల మిత్తి 3,825. ఎక్కువ రావాల్సిన 7,400లో సగానికి పైగా ఇక్కడే పోయింది. మిగిలింది 3,575.

ఆ తర్వాత మూఢం వచ్చింది. ముహూర్తాలు లేని రోజుల్లో పట్టు చీరలు కదలవు. మిత్తి వాళ్లు ఆగరు, కిరాణా ఆగదు. మూడు చీరలను ఒక్కోటి 1,200 తక్కువకు ఇచ్చేశారు. 3,600 పోయింది. అంతే, సొంత నేత లాభం మొత్తం పోయి, కూలికి నేసిన దానికంటే పాతిక రూపాయలు తక్కువే మిగిలింది. ఏడు చీరల్లో మూడే తక్కువకు పోయాయి, అదీ ఒకే ఒక్కసారి. నేతలో లోపం లేదు, డిజైన్‌లో లోపం లేదు, కష్టంలో అసలే లేదు.

రెండో వార్పు ఇంకా కష్టమైంది. మొదటి వార్పు డబ్బు ఐదో నెలలో వస్తుంటే, రెండో వార్పుకు నూలు రెండో నెల లోపలే కొనాలి. లేకపోతే మగ్గం ఖాళీగా ఉంటుంది. అంటే రెండు వార్పుల పెట్టుబడి ఒకేసారి బయట ఉండాలి, పైగా ఆ నెలలన్నీ ఇల్లు గడవాలి. లక్ష దాకా చేతిలో ఉంటేగానీ ఒక్క మగ్గం సొంతంగా ఆగకుండా నడవదు. వాళ్లకు బ్యాంకు ఇచ్చింది 50,000.

ఆ 50,000 సంగతి

అది చేనేత ముద్ర రుణం. నేత కార్మికులకు 6 శాతం వడ్డీకి వచ్చే పథకం. రుణం తీసుకునేవాళ్లు తమ వాటాగా పెట్టాల్సిన మార్జిన్ డబ్బులో ప్రభుత్వం సాయం కూడా ఉంటుంది. దేశంలో ఒక చిన్న వ్యాపారికి ఇంత తక్కువ వడ్డీకి డబ్బు దొరకడం అరుదు, ఆ పథకం పెట్టినవాళ్లను నేను మెచ్చుకుంటాను. అయితే ఈ కుటుంబానికి దాన్ని కాలపరిమితి రుణంగా రాశారు. మూడేళ్లు, నెలకు 1,520 కిస్తీ, రెండో నెల నుంచే మొదలు. చీర డబ్బు వచ్చేది ఐదో నెలలో. మధ్యలో కట్టాల్సిన కిస్తీలకు మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చారు. ఆరు శాతం రుణాన్ని ముప్పై ఆరు శాతం అప్పుతో కట్టారన్నమాట. బ్యాంకు రికార్డులో మాత్రం ఇది ఒక్క కిస్తీ తప్పని మంచి ఖాతా.

ఇలాంటి పనికి కావాల్సింది క్యాష్ క్రెడిట్ ఖాతా. నూలు కొన్నప్పుడు తీసుకోవాలి, చీర డబ్బు వచ్చినప్పుడు కట్టాలి, వాడుకున్న రోజులకే వడ్డీ. రైతుకు పంట రుణం ఎలా పంట కాలాన్ని బట్టి ఉంటుందో నేతకు వార్పు కాలాన్ని బట్టి ఉండాలి. పథకంలో దీనికి వీలుంది. కానీ కిస్తీ రుణాన్ని గమనించడం బ్రాంచిలో సులువు. అందుకే చాలాచోట్ల అదే రాస్తారు.

మా దగ్గరకు వచ్చేనాటికి అప్పులు ఇలా ఉన్నాయి. సేటుకు బాకీ 60,000. బయట మూడు రూపాయల మిత్తికి 40,000. ముద్ర రుణంలో మిగిలింది 38,000. ఆమె మహిళా సంఘంలో తీసుకున్న లోన్ మీద 30,000. రెండు రూపాయల మిత్తికి కుదువ పెట్టిన బంగారం మీద 25,000. మొత్తం 1,93,000. కిస్తీలు, మిత్తి కలిపి నెలకు 4,400 దాకా పోతోంది, కుదువ మిత్తి కట్టకపోవడంతో అది పక్కన పెరుగుతూనే ఉంది. కూలి నేత మీద వాళ్ల రాబడి నెలకు 11,400. ఏడాదికి ఏడు వార్పులు దిగితేనే ఆ మాత్రం.

ఏ అప్పు ముందు తీర్చాలి

కుటుంబానికి ఒక్కటే పట్టుదల. సేటు బాకీ ముందు తీర్చాలి. బాకీ ఉన్నంతకాలం ఆయన దగ్గరే నేయాలి, అది పరువు విషయం కూడా. నేను వద్దన్నాను. చాలాసేపు వాదన జరిగింది, పెద్దాయన నా మీద కోపం కూడా తెచ్చుకున్నాడు.

సేటు ఆ 60,000 మీద మిత్తి అడగడు. ఊరికే ఇచ్చాడా అంటే కాదు. బాకీ లేని నేతగాడికి అదే చీరకు 3,000 ఇస్తాడు, వీళ్లకు 2,800. ఏడాదికి నలభై తొమ్మిది చీరలు, చీరకు 200 చొప్పున 9,800. అరవై వేల మీద ఇది ఏడాదికి పదహారు శాతం పైచిలుకు. కనపడని మిత్తి అదే. కానీ బయటి అప్పు ముప్పై ఆరు శాతం, కుదువ ఇరవై నాలుగు శాతం. చేతిలోకి వచ్చే ప్రతి రూపాయీ ముందు ఎక్కడికి పోవాలో ఈ మూడు అంకెలే చెబుతాయి.

సేటును దోచుకునేవాడిగా చూపించడం తేలిక. వీళ్ల సేటు కూడా షాపుల దగ్గర నాలుగేసి నెలలు ఆగుతాడు, ఆయన ఇంట్లోనూ అమ్ముడుపోని చీరల బీరువా ఉంది. 2020 లాక్‌డౌన్ సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో పడింది. ఊళ్లో మగ్గాలు ఆగాయి. ఆ రోజుల్లో ఈ కుటుంబానికి బియ్యం, కొంత నగదు ఇచ్చింది ఆయనే. బాకీలో పెద్ద భాగం అప్పటిదే. చీరకు 200 తగ్గించి ఇవ్వడం న్యాయమని నేను అనను. ఆయన్ని వదిలేస్తే ఆ స్థానంలో వచ్చేది ఎవరు అన్నది చూడాలంటాను. ఇక్కడ ఆ స్థానంలో ఉన్నవాడు నూటికి మూడు రూపాయలు తీసుకుంటున్నాడు.

లాక్‌డౌన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి పొదుపు పథకం గురించి కూడా చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వ పొదుపు పథకంలో నేత కార్మికుడు తన కూలిలో 8 శాతం వేస్తే ప్రభుత్వం దానికి రెట్టింపు, 16 శాతం వేస్తుంది. మూడేళ్ల దాకా తీయకూడదన్నది అప్పటి నిబంధన. 2020లో గడువు తీరకముందే తీసుకోనిచ్చారు. మా ప్రాంతంలో ఆ కొద్ది నెలలు ఆ డబ్బు మీద గడిచిన ఇళ్లు ఉన్నాయి. ఈ ఇంట్లో ఆయన పేరు మీద ఖాతా ఉంది, ఆమె పేరు మీద లేదు. అనుబంధ కార్మికులకూ అందులో చోటు ఉంది. చిటికి కట్టి, రంగు అద్దే మనిషి నేత కార్మికురాలు కాదని ఆమే అనుకుంది. "నేను మగ్గం మీద కూసోను కదా సార్" అంది. సగం చీర ఆమె చేతుల్లోనే తయారవుతోంది.

మేం చేసిన మార్పుల్లో మొదటిది అప్పు మార్చడం. సంఘం లోన్‌లో మిగిలింది తీరాక, సంఘం ద్వారా బ్యాంకు ఇచ్చే లింకేజీ లోన్ ఆమె కొత్తగా తీసుకుంది, దాంతో బయటి 40,000 తీర్చేశాం. నెలకు 1,200 మిత్తి నాలుగు వందలకు దిగింది. కుదువలో ఉన్న బంగారాన్ని విడిపించి బ్యాంకులో గోల్డ్ లోన్‌గా పెట్టించాం. అక్కడ ఐదు వందలు రెండు వందలకు దిగింది. రెండూ కలిపి నెలకు 1,100, ఏడాదికి 13,200. ఒక్క చీర కూడా ఎక్కువ నేయలేదు, ఒక్క రూపాయి కూడా ధర పెంచలేదు. నేత కుటుంబం ఆదాయం పెంచాలని వచ్చే ప్రతి ప్రాజెక్టూ ముందు ఈ పని ఎందుకు చేయదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ముద్ర రుణాన్ని క్యాష్ క్రెడిట్‌గా మార్చడానికి బ్రాంచి ఒప్పుకోలేదు. పాతది పూర్తిగా కట్టాకే కొత్తది అన్నారు. కొడుకు బోనస్ డబ్బు కలిపి గడువు కంటే ముందే కట్టేశారు. కొత్త క్యాష్ క్రెడిట్ లిమిట్ (ఎంత దాకా తీసుకోవచ్చో ఆ పరిమితి) రావడానికి నెలలు పట్టింది. వచ్చాక మాత్రం లెక్క మారిపోయింది. వార్పు పెట్టుబడి 25,500 మీద ఐదు నెలల వడ్డీ 3,825 నుంచి 640కి పడిపోయింది.

సొంతం ఎంత, కూలి ఎంత

పూర్తిగా సొంత నేతకు పొమ్మని నేను చెప్పలేదు. ఏడాదికి ఏడు వార్పుల్లో ఐదు కూలికి, రెండు సొంతానికి అని కుదిర్చాం. కూలి వార్పు ఇల్లు గడుపుతుంది, ఎందుకంటే సేటు చీర దిగిన వారానికే డబ్బు ఇస్తాడు. సొంత వార్పులు మాత్రం క్యాలెండర్ చూసి వేయాలి. ఒకటి శ్రావణానికి చీరలు చేతిలో ఉండేలా, ఇంకొకటి మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్లకు. పంచాంగంలో మూఢం ఎప్పుడు పడుతుందో ఉగాది నాటికే తెలుస్తుంది. దాన్ని వ్యాపార ప్రణాళికలోకి తీసుకోవడం ఒక్కటే కొత్త.

అమ్మకంలో కూడా ఒక అంకె వాళ్ల ఆలోచన మార్చింది. షాపు మూడు నెలలకు ఇచ్చే 7,500 కంటే చేతికి వెంటనే వచ్చే 7,000 ఎక్కువ. మూడు రూపాయల మిత్తి కడుతున్న ఇంటికి 7,500 మీద మూడు నెలలకు 675 పోతుంది, మిగిలేది 6,825. ఈ లెక్క చెప్పినప్పుడు ఇంటాయన నమ్మలేదు. తన కొడుకు చేత ఫోన్‌లో మళ్లీ చేయించాడు. ఇప్పుడు ఏడింటిలో నాలుగు చీరలు నగదుకే అమ్ముతున్నారు. ఊరికి వచ్చే సందర్శకులకు, హైదరాబాద్‌లో తెలిసినవాళ్లకు, కొన్ని ఒక చిన్న వ్యాపారికి. మిగతా మూడే షాపుకు. ఈ లెక్కన సొంత వార్పులో మిగిలేది 24,360. కూలి కంటే 4,760 ఎక్కువ. రెండు వార్పులకు 9,500. అప్పు మార్చడం వల్ల మిగిలిన దానికంటే ఇది తక్కువే.

వాట్సాప్‌లో నేరుగా అమ్మే ప్రయత్నం అంతగా సాగలేదు. ఫోటోలో కనిపించిన రంగు చీరలో లేదని వాపసులు వచ్చాయి. కొరియర్ ఖర్చు, రోజంతా ఫోన్‌కు సమాధానాలు, అన్నీ ఆమె మీదే పడ్డాయి. చిటికి కట్టే సమయం తగ్గింది. ఆమె మానేస్తానంది, మానేయడమే మంచిదన్నాను. ఇంకొక చికాకు, పోచంపల్లి డిజైన్‌ను ముద్రించిన పవర్‌లూమ్ చీరలు. అవి వెయ్యి, పదిహేను వందలకే దొరుకుతుంటే కొనేవాళ్లు ధర దగ్గర ఆగిపోతారు. చేతి ఇక్కత్‌లో దారానికే ముందు రంగు అద్దుతారు కాబట్టి చీర రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. ముద్రించిన దాంట్లో వెనక వైపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. చీర కొనే ప్రతి ఒక్కరూ దయచేసి ఒకసారి తిప్పి చూడండి.

2024లో మూఢం వల్ల మే, జూన్ నెలల్లో పెళ్లి ముహూర్తాలు లేకుండా పోయాయి. మా పనికి అది అసలైన పరీక్ష. సేటు ఆ వేసవిలో చాలామందికి వార్పులు తగ్గించాడు, వీళ్లకూ ఒకటి తప్పింది. ఇంతకుముందైతే ఆ రెండు నెలలు బయటి అప్పు మీదే గడిచేవి. ఈసారి ఆ ఖాళీలో లిమిట్ నుంచి డబ్బు తీసి సొంత వార్పు వేశారు. చీరలు ఆగస్టులో శ్రావణం ముహూర్తాలకు దిగాయి. మధ్యలో ఇల్లు గడవడానికి పోస్టాఫీసులో వేసుకున్న 14,000 ఉంది. ఆ పాస్‌బుక్‌ను ఇంట్లో మూఢం డబ్బు అంటారు. తక్కువకు అమ్మిన చీర ఒక్కటీ లేదు. ఆ మాట ఫోన్‌లో చెప్పినప్పుడు ఆమె గొంతులో సంతోషం విని నాకు చాలా తృప్తి కలిగింది.

తేలనిది: షాపుల దగ్గర ఆగే డబ్బు

చట్టం నేతగాడి పక్షానే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ దగ్గర సరుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టంలోనూ సెక్షన్ 43బి(హెచ్) వచ్చింది. గడువులో చెల్లించకపోతే ఆ కొనుగోలును కొన్నవాడు నిజంగా డబ్బు చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలడు. నేత కుటుంబం చిన్న సంస్థల నమోదుకు కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకుంటే ఈ రక్షణ వస్తుంది.

ఈ ఇంటికి ఉద్యమ్ నమోదు చేయించి, ఆ నంబరు బిల్లు మీద రాయించాం. అప్పట్లో రెండు షాపులకు వేసేవారు. ఒక షాపు ఆడిటర్ చూసి నలభై ఐదు రోజులకు దించాడు, ఇప్పుడు అక్కడ డబ్బు సమయానికి వస్తోంది. ఇంకో షాపు ఆ నంబరు ఉన్న బిల్లు వద్దంది. నంబరు లేకుండా తెస్తేనే తీసుకుంటామంది. ఇంటాయన ఇప్పుడు ఆ షాపుకు వేయడం లేదు. ఆయనకు నాలుగు నగదు చీరలు ఉన్నాయి, ఐదు కూలి వార్పులు ఉన్నాయి, కాబట్టి కాదనగలిగాడు. మొత్తం సొంత నేత మీదే బతికే ఇళ్లు ఆ మాట అనలేవు. ఒక్కడు నంబరు రాస్తే షాపు పక్కింటి వాడి దగ్గర కొంటుంది. అందుకని ఆ వీధిలో సొంతంగా నేసే ఇళ్లన్నిటికీ ఒకేసారి నమోదు చేయించే పని మొదలుపెట్టాం. కొందరు చేసుకున్నారు. కొందరు షాపుతో పాత స్నేహం చెడుతుందని ఆగారు, వాళ్ల భయం ఉత్తిది కాదు.

కుటుంబం నేటి లెక్క: మూడు రూపాయల అప్పు లేదు. బంగారం ఇంట్లో ఉంది. సంఘం లోన్‌లో కొంత మిగిలింది. సేటు బాకీ 60,000 నుంచి 35,000కు దిగింది, కూలి చీరకు వంద పెంచాడు. ఆమె పేరు మీద పొదుపు ఖాతాకు దరఖాస్తు పెట్టాం. కొడుకు కంపెనీలోనే ఉన్నాడు, మగ్గం మీద కూర్చోమని అతన్ని ఎవరూ అడగడం లేదు. ఈ ఏడాది క్యాష్ క్రెడిట్ రెన్యువల్ ఉంది. దానికి బ్రాంచి అడిగిన స్టాక్ లెక్క ఇంటాయన సొంతంగా రాసుకుంటున్నాడు.